అమ్మానాన్నలతో లాజరస్ దీవికి: వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి

లక్ష్మి_పుంగోల్

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా అమ్మానాన్న భీమవరం నుంచి సింగపూర్ వస్తున్నారు. మెర్లయన్, గార్డెన్స్, జూ, ముస్తఫా అన్నీ పోయినసారే చూపించేశాం. సెంటోసా కూడా తీసుకెళ్ళాం గానీ, సిలోసో బీచ్‌లో ఆ పాటల మోతకి నాన్న తువ్వాలు చెవులకి చుట్టుకుని కూర్చున్నారు. "తిరనాళ్ళు చూడ్డానికి విమానం ఎక్కాలా అమ్మా" అన్నారు. ఈసారి ఆయన కోరిక ఒక్కటే. జనం లేని చోట, సముద్రం ఒడ్డున ఓ పూట కూర్చోవాలట. ఆఫీసులో ఒకావిడ లాజరస్ దీవికి వెళ్ళమంది.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. బాబుకి ఆరేళ్ళు. మా ఆయనకి శని, ఆదివారాలు తప్ప కుదరదు. పడవ ఎక్కడం దిగడం, నడక, తిండి, బాత్రూములు, ఇవన్నీ ఎలా ఉంటాయో ఉన్నదున్నట్టు చెప్పండి. ఫొటోలు బోలెడు చూశాను. ఫొటోల్లో మోకాళ్ళ నొప్పులు కనపడవు కదా!

వేణు_వుడ్‌లాండ్స్

లక్ష్మిగారూ, ఎర్ర లైను ఆఖరి స్టేషన్ మరీనా సౌత్ పియర్‌లో దిగండి. పడవల రేవు పక్కనే. రానూపోనూ టికెట్ పెద్దవాళ్ళకి పదిహేను డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, పిల్లలకి కాస్త తక్కువ. వెళ్ళేముందు ఆన్‌లైన్‌లో ఒకసారి చూసుకోండి, ధరలూ టైములూ మారుతుంటాయి.

చాలా పడవలు నేరుగా లాజరస్‌కి పోవు. పక్కనున్న సెయింట్ జాన్స్ దీవిలో దించుతాయి. అరగంట, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ ప్రయాణం. ఆ రెండు దీవులనీ కలుపుతూ సముద్రం మీద గట్టు వేశారు, దాని మీదుగా నడిచి అవతలికి వెళ్ళాలి. మామూలుగా పావుగంట నడక. అమ్మగారైతే ఆగుతూ ఆగుతూ అరగంట అనుకోండి. దారి సిమెంటుదే, గుంటలు లేవు, కానీ గట్టు మీద నీడ అనేదే లేదు. గొడుగు తప్పనిసరి. లాజరస్ రేవులోనే ఆగే సర్వీసులు కూడా ఉన్నాయి. టికెట్ కొనేముందు "మీది ఎక్కడ ఆగుతుంది?" అని తప్పకుండా అడగండి. అమ్మగారికి ఆ తేడా చాలా పెద్దది.

పడవ ఎక్కేచోట చేయి పట్టుకునే మనుషులుంటారు. నీళ్ళు ఊగుతున్నప్పుడు తొందరపడకుండా, పడవ గట్టుకి ఆనినప్పుడే అడుగు వేయమనండి. చీర అయితే కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోమనండి. మా అత్తయ్యగారు పంజాబీ డ్రెస్సులోనే వచ్చారు, సుఖంగా ఉంది.

చిట్టిబాబు_క్లెమెంటి

శనివారం మాత్రం వద్దండి. ఇంకేం చెప్పకపోయినా ఇది చెప్తాను.

ఆ బీచ్ నెలవంకలా వంగి ఉంటుంది. మధ్యలో నీళ్ళు నిలకడగా ఉంటాయి. దాంతో వారాంతం వచ్చిందంటే నగరంలో డబ్బున్నవాళ్ళ యాట్‌లన్నీ (విలాస పడవలు) అక్కడే లంగరు వేస్తాయి. ఒక్కోదాంట్లో ఒక్కో స్పీకరు. సిలోసోలో ఒక పాటే వినపడుతుంది, ఇక్కడ నాలుగు పాటలు కలిపి వినాలి. మీ నాన్నగారికి రెండో తువ్వాలు కావాలి.

మంగళవారమో బుధవారమో వెళ్ళండి. అప్పుడు చూడాలి ఆ చోటు. కిలోమీటరు దాకా ఇసుక, దూరంగా ఎవరో ఇద్దరు ముగ్గురు. కాకపోతే వారం మధ్యలో పడవలు చాలా తక్కువ. ఒకటి పోగొట్టుకుంటే తర్వాతది గంటల తర్వాతే. మీ ఆయన్ని ఒక రోజు సెలవు పెట్టమనండి, లేదంటే ఆయన్ని వదిలేసి వెళ్ళండి :)

హైదరాబాదీ_బెడోక్

అందరూ స్వర్గం స్వర్గం అంటున్నారు కాబట్టి నేను వేరే మాట చెప్తా. అది సహజమైన బీచ్ కాదు భాయ్. ఇసుక బయట నుంచి తెచ్చి పోశారు. సెరింగాట్ అని పక్కన ఇంకో చిన్న దీవి ఉండేది, మట్టి పోసి దాన్ని లాజరస్‌లో కలిపేశారు. వరసలు తీరిన ఆ కొబ్బరి చెట్లు కూడా తెచ్చి నాటినవే. ఎదురుగా సముద్రం అంటే ఖాళీ సముద్రం అనుకునేరు. లంగరు వేసిన ఓడలే ఓడలు, ట్యాంకర్లు, కంటైనర్లు. ప్రపంచంలో అంత రద్దీ ఉన్న ఓడదారి ఇంకొకటి దొరకడం కష్టం. వైజాగ్ దాటి భీమిలి రోడ్డు మీద తెల్లారగట్ల కూర్చున్న మనిషికి ఇది బీచ్ అనిపించదు. దీనికోసం పడవ టికెట్టా?

పద్మజ_జురాంగ్

హైదరాబాదీ గారూ, మీ ఊళ్ళో హుస్సేన్ సాగర్ కూడా తవ్వించిందేగా! అయినా ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం కూర్చోవడం మానేశారా?

ఈ దేశంలో తీరం చాలా మటుకు పోసిందే. ఈస్ట్ కోస్ట్ పార్కు మొత్తం పోసిన నేలే. సెంటోసా ఇసుకా తెచ్చిందే. ఓడల సంగతికొస్తే, మా పిల్లాడికి అదే వినోదం. ఫోన్‌లో ఓడల యాప్ పెట్టుకుని ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకుంటూ పూటంతా గడిపేశాడు.

లక్ష్మిగారూ, మీకు పనికొచ్చేవి ఇవి. దీవిలో హోటళ్ళు లేవు. 2023లో లాజరస్‌లో రాత్రి ఉండడానికి చిన్న చిన్న ఇళ్ళు పెట్టారు, దాంతోపాటు ఒక చిన్న దుకాణం వచ్చింది. దాన్ని నమ్ముకుని వెళ్ళొద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళండి. పులిహోర, పెరుగన్నం, మామిడికాయ ముక్కలు, ఇంకేం కావాలి? పెరుగన్నంలో పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోసి కలపండి, ఎండకి మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది. చెత్త మాత్రం సంచిలో వేసుకుని మళ్ళీ ఊళ్ళోకే తెచ్చేయండి.

పెద్దవాళ్ళు కూర్చోవడానికి లాజరస్ కంటే సెయింట్ జాన్స్ మేలు. పెద్ద పెద్ద చెట్లున్నాయి, బల్లలున్నాయి, రేవు దగ్గర బాత్రూములున్నాయి. పిల్లలు ఇసుక కోసం అవతలికి వెళ్ళి వస్తారు. పిల్లులు కూడా చాలా ఉంటాయి అక్కడ. అన్నం డబ్బా మూత తీశారంటే చుట్టూ చేరతాయి.

శ్రీను_సెంగ్‌కాంగ్

ఇసుక ఈగల గురించి ఎవరూ చెప్పలేదేం? కంటికి కనపడవు. కుట్టినప్పుడు తెలియదు. మర్నాడు కాళ్ళ నిండా దద్దుర్లు లేస్తాయి, వారం దాకా గోక్కుంటూనే ఉండాలి. పొడి ఇసుక మీద టవల్ పరుచుకుని పడుకునేవాళ్ళకి మరీ ఎక్కువ. మడత కుర్చీలు పట్టుకెళ్ళండి. కాళ్ళకి కొబ్బరి నూనె గానీ, దోమల మందు గానీ పూసుకోండి. నూనె రాస్తే అవి వాలవని ఇక్కడివాళ్ళంటారు. నాకు నూనే పనిచేసింది.

ఇంకోటి. లైఫ్‌గార్డులు ఉండరు. బాబుని నడుము లోతు దాటనివ్వకండి. జెల్లీ చేపలు వచ్చే కాలం కూడా ఉంటుంది. బాక్స్ జెల్లీ ఫిష్ కనబడ్డాయని హెచ్చరికలొచ్చిన సందర్భాలున్నాయి. ఒక చిన్న సీసాలో వెనిగర్ పెట్టుకుంటే బరువేం కాదు.

మోహన్_యిషున్

ఫోన్లు! దీవి మీద అడుగు పెట్టగానే "ఇండోనేషియాకి స్వాగతం" అని మెసేజ్ వస్తుంది. ఎదురుగా ఇండోనేషియా దీవి బాతమ్‌లోని టవర్ సిగ్నల్ ఎక్కువై మన ఫోను దానికి అతుక్కుపోతుంది. నెట్‌వర్క్ ఆటోమేటిక్‌లో ఉంటే రోమింగ్ బిల్లు పడుతుంది. పడవ ఎక్కకముందే రోమింగ్ ఆపేయండి. ఊరి నుంచి వచ్చినవాళ్ళ ఫోన్లు కూడా చూడండి, వాళ్ళకి తెలియదు పాపం.

పాతకాపు

ఈ దీవుల గురించి మాట్లాడుకుంటూ అసలు కథ వదిలేశారు కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

1819 జనవరిలో, ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ రేవు పెట్టిన రాఫెల్స్ సింగపూర్‌లో దిగకముందు ఆయన ఓడలు లంగరు వేసింది సెయింట్ జాన్స్ దగ్గరే. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి కలరా భయంతో అక్కడ క్వారంటైన్ స్టేషన్ కట్టారు. 1874లో మొదలైంది. చైనా నుంచి, మద్రాసు నుంచి వచ్చే ఓడల్లో కలరా, మశూచి ఉందని అనుమానం వస్తే ముందు ఈ దీవిలో దించేవారు. హజ్ నుంచి తిరిగొచ్చే యాత్రికులనీ అక్కడే ఉంచేవారు. 1930ల నాటికి ప్రపంచంలోని పెద్ద క్వారంటైన్ స్టేషన్లలో అదొకటి.

మనవాళ్ళకి దీనితో సంబంధం లేదనుకోకండి. మలయా రబ్బరు తోటలకి కంగాణీల (కూలీలని పోగుచేసే మేస్త్రీల) వెంట వెళ్ళిన తెలుగువాళ్ళు ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కి పెనాంగ్‌లో దిగారు. అక్కడ వాళ్ళకి క్వారంటైన్ జెరెజాక్ దీవిలో. సింగపూర్ దాకా వచ్చినవాళ్ళకి సెయింట్ జాన్స్. 1926 నుంచి దాదాపు యాభై ఏళ్ళు మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ల మధ్య తిరిగిన రజూలా ఓడ పేరు పాత కుటుంబాల్లో ఇప్పటికీ వినపడుతుంది. డెక్ టికెట్ అంటే పడక లేదు, గది లేదు, చాప పరిచిన చోటే ఇల్లు. మా పెద్దత్తయ్య మామగారు రజూలాలో వచ్చినవారే. ఓడలో ఎవరికో అమ్మవారు పోసిందని అందరినీ దీవిలో దించేశారట. బట్టలన్నీ ఆవిరి పెట్టెలో వేసి తీశారని, పెళ్ళికి పెట్టిన పట్టుపంచె ముడుచుకుపోయి చేతిగుడ్డలా తయారైందని చెప్పేవారు. ఆయన కోపం మశూచి మీద కాదు, పంచె మీదే!

యుద్ధం తర్వాత అదే దీవిలో రాజకీయ ఖైదీలని పెట్టారు. తర్వాతి కాలంలో సింగపూర్ రాష్ట్రపతి అయిన దేవన్ నాయర్‌ని 1951లో అరెస్టు చేసి అక్కడే ఉంచారు. నల్లమందు అలవాటు మాన్పించే కేంద్రం కూడా నడిచింది. 1975లో గానీ సెలవుల శిబిరంగా మార్చలేదు. అక్కడ కొన్నిచోట్ల ఇంకా ముళ్ళకంచెలు కనపడతాయి.

ఈ దీవుల మీద మలయ్ కుటుంబాలు తరతరాలుగా కాపురం ఉండేవి. ఇళ్ళూ, బడీ ఉండేవి. వాళ్ళని ఖాళీ చేయించి ఊళ్ళో ఫ్లాట్లు ఇచ్చారు. అందుకే అక్కడ ఇప్పుడు అంత నిశ్శబ్దం. హైదరాబాదీ గారు ఇసుక తెచ్చి పోశారన్నారు. నిజమే. జనాన్ని తీసేశారన్నది కూడా దానిపక్కనే రాసుకోవాలి.

హైదరాబాదీ_బెడోక్

పాతకాపు గారూ, ఇది మాత్రం నాకు కొత్త. ఇసుక గురించి నా మాట నాదే, కానీ ఈసారి వెళ్తే ఆ కంచెల దగ్గర ఆగి చూస్తా. ఆ పాత కట్టడాల్లోకి వెళ్ళనిస్తారా?

పాతకాపు

అన్నిటిలోకీ వెళ్ళనివ్వరు. కొన్నేళ్ళ క్రితం పాత భవనాల శిథిలాల్లో ఆస్బెస్టాస్ బయటపడి కొన్నిచోట్ల మూశారు. వివరాలు రాసిన బోర్డులతో నడకదారి ఉంది, అది చాలు. ఆ చివర 2002లో పెట్టిన సముద్ర పరిశోధనశాల ఉంది.

శ్రీకాకుళం_చిన్నోడు

కుసు దీవిని వదిలేశారు అందరూ! అదే పడవ దారిలో వస్తుంది. పెద్దవాళ్ళకి చూపించాల్సింది అదే.

తాబేలు దీవి అది. ఓడ మునిగిపోతుంటే ఒక పెద్ద తాబేలు దీవిగా మారి ఒక మలయ్ నావికుడినీ ఒక చైనా నావికుడినీ కాపాడిందని కథ. కింద చైనావాళ్ళ గుడి, 1923లో కట్టింది. కొండ మీద మలయ్ పీర్ల సమాధులు, పైకి 152 మెట్లు. 2022 ఏప్రిల్లో నిప్పంటుకుని ఆ సమాధులు దెబ్బతిన్నాయి. అమ్మగారు మెట్లు ఎక్కక్కర్లేదు, కింద గుడి ఆవరణలో తాబేళ్ళ కొలను ఉంది, అది చాలు.

మాది శ్రీకూర్మం దగ్గర ఊరు. మా నాయనమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ కొలను చూసి చెప్పులు విప్పేసి రెండు చేతులూ జోడించింది. "కూర్మనాథుడు ఇక్కడికీ వచ్చాడ్రా" అంది. మా ఊరి గుళ్ళో నక్షత్ర తాబేళ్ళకి ఆకులు పెట్టినట్టే ఇక్కడ కూడా పెట్టబోయింది. అక్కడ వద్దన్నారు. అలిగింది.

చిట్టిబాబు_క్లెమెంటి

కుసు వెళ్ళాలంటే చైనావాళ్ళ తొమ్మిదో నెల తప్పించండి. మామూలుగా అక్టోబరు చుట్టుపక్కల పడుతుంది. ఆ నెలంతా భక్తులు వేల మంది. మేడారం జాతరలా అనిపిస్తుంది పడవల రేవు.

రవి_కాకినాడ

నేను సింగపూర్‌లో ఉండను, కాకినాడలోనే. చదువుతుంటే మా హోప్ ఐలాండ్ గుర్తొచ్చింది. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో ఏర్పడిన దిబ్బ. మా రేవుకి తుఫాను కెరటాలు నేరుగా తగలకుండా అడ్డం అదే. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఆ ఇసుకకే వస్తాయి. ఊరి నుంచి పడవలో వెళ్ళేంత దూరమే. కానీ బాత్రూము లేదు, నీడ లేదు, పడవ ఎప్పుడు కదుల్తుందో పడవవాడికే తెలియదు. మీవాళ్ళు ఇసుక కొనుక్కొచ్చి పోసుకుని దానికి టైమ్‌టేబుల్ పెట్టారు. మాకు ఇసుక ఊరికే వచ్చింది, టైమ్‌టేబులే రాలేదు.

లక్ష్మి_పుంగోల్

ఇన్ని సంగతులా! అందరికీ ధన్యవాదాలు. ఒక అనుమానం. 2024లో చమురు ఒలికింది కదా, ఆ బీచ్ ఇప్పుడు బాగానే ఉందా? బాబు నీళ్ళలోకి దిగకుండా ఉండడు. ఇంకొకరు ఉబిన్ దీవికి వెళ్ళమంటున్నారు. అది మేలా?

మోహన్_యిషున్

2024 జూన్ 14న పాసిర్ పంజాంగ్ టెర్మినల్లో ఒక డ్రెడ్జర్ (సముద్రం అడుగు తవ్వే ఓడ) అదుపు తప్పి, ఆగి ఉన్న ఇంధన నౌకని గుద్దింది. దాదాపు 400 టన్నుల నూనె సముద్రంలోకి పోయింది. సెంటోసా, సెయింట్ జాన్స్, లాజరస్, కుసు తీరాలన్నిటికీ అంటింది. ఆ ఇసుక పైపొరంతా ఎత్తి సంచుల్లో తీసుకుపోయారు. నెలల తరబడి మూసి, శుభ్రం చేసి, నీళ్ళు పరీక్షించాకే తెరిచారు. తర్వాత నేను వెళ్ళాను, నాకైతే తేడా కనపడలేదు. రాళ్ళ సందుల్లో ఎక్కడైనా నల్లటి మరక కనపడితే బాబుని ముట్టుకోనివ్వకండి, అంతే.

దీవి చుట్టూ పగడపు దిబ్బలున్నాయి కాబట్టే అంత కంగారు పడ్డారు. పక్కనున్న సిస్టర్స్ దీవులని 2014లోనే దేశంలో మొదటి సముద్ర ఉద్యానవనం చేశారు. లాజరస్ దక్షిణ భాగం, కుసు దిబ్బ కలిపి రెండోది చేస్తామని 2024లో ప్రకటించారు.

వేణు_వుడ్‌లాండ్స్

ఉబిన్ బాగుంటుంది, కానీ అది బీచ్ కాదు. చాంగీ పాయింట్ నుంచి చిన్న పడవలు, 12 మంది పోగయ్యాక కదుల్తాయి. అక్కడ పాత పల్లెటూరు, సైకిళ్ళు, అడవిపందులు, చెక్ జావా చిత్తడి నేల మీద చెక్కదారి. భీమవరం నుంచి వచ్చినవాళ్ళకి చిత్తడి నేల చూపించడం అంటే... మీ ఇష్టం :)

పద్మజ_జురాంగ్

ఒకసారి వాన సంగతి కూడా చూసుకోండి. నైరుతి గాలుల కాలంలో తెల్లవారుజామున సుమత్రా వైపు నుంచి గాలివాన ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అందరూ సాయంత్రం వాన గురించే ఆలోచిస్తారు. పొద్దున్నే ఫోన్‌లో రాడార్ బొమ్మ చూసుకుని బయల్దేరండి.

ఇంకో మాట, నాకు జరిగింది. ఒక పడవవాళ్ళ దగ్గర టికెట్ కొంటే తిరుగు ప్రయాణంలో మా రేవు దగ్గర ఆగకుండా ముందు వేరే దీవికి పోయింది. అడిగితే "వస్తుంది, వస్తుంది" అన్నారు. చిన్న పిల్లతో ఎండలో నుంచోబెట్టారు. ఏ కంపెనీ టికెట్ ఆ కంపెనీ పడవలోనే చెల్లుతుంది, వేరేది వచ్చిందని ఎక్కబోతే దింపేస్తారు.

మోడరేటర్

ఈ చర్చలో టికెట్లు అమ్ముతామని వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. దయచేసి ఫోన్ నంబర్లు పెట్టకండి. చర్చ కొనసాగించండి.

లక్ష్మి_పుంగోల్

వెళ్ళొచ్చాం! మంగళవారం వెళ్ళాం. మా ఆయన ఆఖరి నిమిషంలో మీటింగ్ అన్నారు, చిట్టిబాబు గారి సలహా ప్రకారం వదిలేసి వెళ్ళిపోయాం.

పొద్దుటి పడవలో మేము కాక ఓ పదిమంది. చేపలు పట్టే గేలాలతో ముసలాయనలు, పరిశోధనశాలకి వెళ్ళే కుర్రాళ్ళు. అమ్మ పడవ ఎక్కేటప్పుడు కాస్త భయపడింది గానీ, అక్కడి మనిషి మోచేయి పట్టుకుని గట్టుకి ఆనేదాకా ఆపాడు. దిగేటప్పుడు అమ్మే ముందు దిగింది.

పద్మజగారు చెప్పినట్టు సెయింట్ జాన్స్‌లో చెట్టుకింద స్థావరం వేశాం. పెరుగన్నం కిటుకు అద్భుతం. పిల్లులు నిజంగానే చుట్టూ చేరాయి, ఒక నారింజ రంగు పిల్లి అమ్మ చీర కొంగు మీద పడుకుని లేవనంది. అమ్మ దాన్ని లేపడానికి మనసొప్పక ఒక గంట కదల్లేదు.

నాన్నా నేనూ బాబూ గట్టు దాటి లాజరస్‌కి వెళ్ళాం. బీచ్ మొత్తానికి మేమే! దూరంగా ఒక జంట, అంతే. నాన్నకి రొయ్యల చెరువులు ఉన్నాయి కదా, ఆయన బీచ్ చూసే పద్ధతే వేరు. వెళ్ళగానే వంగి గుప్పెడు ఇసుక తీసి అరచేతిలో పరిచి, వేలితో అటూ ఇటూ జరిపి, "ఇది ఇక్కడి ఇసుక కాదమ్మా, ఎక్కడిదో తోలారు" అన్నారు. నేను ఏం చెప్పకుండానే! గింజలన్నీ ఒకే సైజులో ఉన్నాయట, సముద్రం తెచ్చింది అయితే గవ్వముక్కలూ మొరుమూ కలిసి ఉంటాయట. తర్వాత వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని "సెలినిటీ ముప్పై ఉంటుంది, వెనామీ రొయ్యకి కొంచెం ఎక్కువ" అన్నారు. హైదరాబాదీ గారూ, మీ పక్షానికి ఒక సాక్షి దొరికాడు.

కానీ అదే ఇసుకలో తువ్వాలు పరుచుకుని రెండు గంటలు కూర్చున్నారు. ఓడలు లెక్కపెట్టారు. ఒక ఖాళీ ట్యాంకరు నీళ్ళపైకి ఎంత లేచి ఉందో, ఎర్ర రంగు ఎంత కనపడుతోందో చూపించి, బరువెక్కితే ఎంత మునుగుతుందో బాబుకి చెప్పారు. బాబు నీళ్ళలో, ఆయన ఒడ్డున. నేను మధ్యలో ఊరికే పడుకున్నాను. పెళ్ళయ్యాక నాన్నతో ఇంతసేపు ఫోన్ లేకుండా కూర్చోలేదు. (ఫోన్ ఇండోనేషియా వెళ్ళిపోయింది, మోహన్ గారు చెప్పినట్టే.)

పాతకాపు గారి కథ తిరిగొచ్చేటప్పుడు కంచె దగ్గర చెప్పాను. అమ్మ వెంటనే "మన వీరమ్మ అత్త వాళ్ళ మామగారు రంగం వెళ్ళి తిరిగి రాలేదు, వీళ్ళని కూడా ఇలాగే ఎక్కడో దించేసి ఉంటారా" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కొబ్బరి నూనె రాసుకున్నవాళ్ళకి ఏం కాలేదు. నేను బద్ధకించి రాసుకోలేదు. ఇప్పుడు ఈ పోస్టు ఒక చేత్తో టైపు చేస్తూ, ఇంకో చేత్తో గోక్కుంటున్నాను.

శ్రీను_సెంగ్‌కాంగ్

హహ, చెప్పానా! గోరువెచ్చని నీళ్ళతో కడిగి కాలమైన్ రాయండి. గోకితే పుండు పడుతుంది.

పాతకాపు

లక్ష్మిగారూ, రంగం అంటే రంగూన్ కాబట్టి ఆ ఓడల దారి వేరు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి పోయేవి. ఇక్కడ దిగి ఉండరు. అమ్మగారికి చెప్పండి.

హైదరాబాదీ_బెడోక్

నాన్నగారికి నా నమస్కారాలు. సాక్షి సాక్షే, కానీ రెండు గంటలు కూర్చున్నారు కదా, అక్కడ నా కేసు పోయింది. వచ్చే వారం అమ్మ వస్తోంది వరంగల్ నుంచి. బుధవారం సెలవు పెట్టాను. తిరుగు పడవ టైము ఎక్కడ చూసుకోవాలి?

వేణు_వుడ్‌లాండ్స్

ఆ కంపెనీ సైట్‌లో ఉంటుంది, రేవులో బోర్డు మీద కూడా రాసి ఉంటుంది. పొద్దున దిగగానే ఆ బోర్డు ఫొటో తీసి పెట్టుకోండి, అక్కడికెళ్ళాక నెట్ ఉంటుందో లేదో. ఆఖరి పడవకి కాకుండా దానికి ముందుదానికి రండి.